పొగ తగ్గాలంటే పొత్తు కుదరాలి

డీజిల్ బస్సు కొనడానికి ఎవర్నీ సలహా అడగక్కర్లేదు. దారిలో ఏ బంకు దగ్గర ఆపినా ఇంధనం దొరుకుతుంది. ఏ మెకానిక్‌కి చూపించినా లోపం ఎక్కడుందో చెబుతాడు. పదేళ్లు తిప్పాక ఎంతకు అమ్ముడుపోతుందో కూడా ముందే ఒక అంచనా ఉంటుంది. అదే బస్సు కరెంటుతోనో, వంటగ్యాస్ లాంటి ప్రొపేన్‌తోనో, సహజవాయువుతోనో నడిచేదైతే ఇవన్నీ ఒక్కసారిగా ప్రశ్నలైపోతాయి. ఎక్కడ నింపాలి, ఎవరు బాగు చేస్తారు, గడ్డకట్టే చలిలో ఎంత దూరం వస్తుంది, షెడ్డులో నిలపడానికి అగ్నిమాపక శాఖ ఒప్పుకుంటుందా? జవాబు చెప్పేవాళ్లు లేక టెన్షన్ పడే, సంస్థ బండ్లన్నీ చూసుకునే ఫ్లీట్ మేనేజర్ చివరికి మళ్లీ డీజిల్ బస్సుకే ఆర్డరు పెడతాడు. దీన్ని మేం బద్ధకం అనం. పొద్దున్నే స్కూలు బస్సు స్టార్ట్ కాకపోతే మాట పడేది అతనే.

రోడ్డుకు అవతల బంకు యజమాని ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. సహజవాయువు నింపే స్టేషన్‌కైనా, పెద్ద ఛార్జింగ్ స్టేషన్‌కైనా భారీగా డబ్బు పోయాలి. బండ్లే లేనప్పుడు ఆ డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది? స్టేషన్ లేదని బండి కొనరు, బండి లేదని స్టేషన్ పెట్టరు. చెట్టు ముందా విత్తు ముందా అన్న ఈ తగాదా ఒక్క సంస్థ పట్టుదలతో తెగేది కాదు. ఇద్దరూ ఒకే రోజు ముందుకు రావాలి. అలా రావాలంటే వాళ్లను ఒకచోట కూర్చోబెట్టేవాళ్లు ఉండాలి.

అమెరికాలో ఆ పని చేస్తున్నవి క్లీన్ సిటీస్ కూటములు. 1973లో అరబ్ దేశాలు పెట్టిన చమురు ఆంక్షలతో బంకుల ముందు బారులు తీరిన దేశం, దిగుమతి చమురు మీద ఆధారపడటం తగ్గించుకోవాలని చాలాకాలం చూసింది. 1992లో వచ్చిన ఎనర్జీ పాలసీ చట్టం పెద్ద నగర ప్రాంతాల్లో ఫెడరల్ (కేంద్ర), రాష్ట్ర ప్రభుత్వాలు కొనే కొత్త కార్లు, చిన్న బండ్లలో ప్రత్యామ్నాయ ఇంధనంతో నడిచేవి క్రమంగా 75 శాతానికి చేరాలని నిర్దేశించింది. చట్టం కొనమంది కానీ, కొన్నాక ఎలా నడపాలో నేర్పేవాళ్లు లేరు. ఆ లోటు తీర్చడానికే ఇంధన శాఖ 1993లో క్లీన్ సిటీస్‌ను మొదలుపెట్టింది. తొలి కూటమి అట్లాంటాలో ఏర్పడింది. ఇప్పుడు దేశంలో అలాంటివి 75కు పైగా ఉన్నాయి.

వీటి స్వరూపం చాలా సాదాసీదాగా ఉంటుంది. ఒక ప్రాంతంలోని నగరపాలక సంస్థలు, స్కూలు జిల్లాలు (ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలు), బస్సు సంస్థలు, చెత్త బండ్ల కాంట్రాక్టర్లు, విమానాశ్రయం, కరెంటు కంపెనీ, గ్యాస్ కంపెనీ, ప్రొపేన్ డీలర్లు, కాలేజీలు సభ్యులుగా చేరతాయి. సభ్యత్వ రుసుము కొంత, ఇంధన శాఖ ఇచ్చేది కొంత, గెలుచుకున్న గ్రాంట్లు కొంత కలిపి కూటమి నడుస్తుంది. చాలాచోట్ల ఆఫీసులో ఉండేది ఇద్దరో ముగ్గురో. అంత కొద్దిమంది ఏం చేయగలరని అనుమానం రావడం సహజం. వాళ్లు చేసేది దగ్గర నుంచి చూస్తే ఆ అనుమానం నిలవదని మా అభిప్రాయం.

చెత్త బండ్ల సంగతే చూడండి. పగలంతా తిరిగి రాత్రికి అదే యార్డుకు వస్తాయి. వాటికి ఊరంతా స్టేషన్లు అక్కర్లేదు, యార్డులో ఒక్క కంప్రెసర్ ఉంటే రాత్రంతా నిదానంగా గ్యాస్ నింపుకోవచ్చు. ఎయిర్‌పోర్టు షటిల్ బస్సులకూ ఇదే సౌకర్యం ఉంది. ఇలా ఇల్లు విడిచి దూరం పోని బండ్లు ఏ సంస్థ దగ్గర ఎన్ని ఉన్నాయో ఒక్కచోట లెక్క తీస్తే, రోజుకు ఇన్ని గ్యాలన్లు ఖాయంగా అమ్ముడవుతాయన్న భరోసా స్టేషన్ పెట్టేవాడికి దొరుకుతుంది. ఏ ఒక్క సంస్థా విడిగా ఇవ్వలేని భరోసా అది. స్టేషన్ ఒకసారి వచ్చిందంటే రెండు బండ్లున్న చిన్న కాంట్రాక్టరు కూడా అక్కడే నింపుకోవచ్చు.

అంతకంటే విలువైనది ఇంకొకటి ఉంది. ఒకరు నష్టపోయి నేర్చుకున్నది పక్కవాడికి ఊరికే అందుతుంది. డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలిపి వాడటం మొదలుపెట్టిన కొత్తలో పాత బండ్ల ఫిల్టర్లు మూసుకుపోతుంటాయి. కొత్త ఇంధనమే చెడ్డదని తిట్టుకుని చాలామంది పాత దారికి పోతారు. నిజానికి బయోడీజిల్‌కు కడిగే గుణం ఉంది. ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న పాత డీజిల్ మడ్డి కరిగి వచ్చి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. రెండు మూడుసార్లు ఫిల్టరు మారిస్తే ఆ బెడద పోతుంది. చలి బాగా ముదిరితే ఇంధనం చిక్కబడుతుంది కాబట్టి శీతకాలంలో మిశ్రమం తగ్గించుకోవాలి. ఇవి పుస్తకంలో రాసి ఉన్నా, పక్క ఊరి డిపోలో పనిచేసే మెకానిక్ నోట వింటేనే ఇంకో మెకానిక్‌కి నమ్మకం కుదురుతుంది.

కరెంటు బస్సుల దగ్గరా ఇంతే. అన్ని బస్సులూ సాయంత్రం ఆరింటికి డిపోకొచ్చి ఒకేసారి ప్లగ్గు పెట్టుకుంటే బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. వాడిన యూనిట్లకే కాదు, నెల మొత్తంలో ఏదో ఒక పావుగంట అత్యధికంగా లాగిన విద్యుత్తుకు కూడా అక్కడి చాలా కంపెనీలు విడిగా వసూలు చేస్తాయి. వంతులవారీగా అర్ధరాత్రి దాకా ఛార్జింగ్ సర్దుకుంటే ఆ భారం బాగా తగ్గుతుంది. బస్సులు కొనే నెలలోనే కరెంటు కంపెనీ మనిషి, డిపో మేనేజరు ఒక బల్ల దగ్గర కూర్చుని ఉంటే సరిపోయే సంగతి ఇది. కూర్చోకపోతే, బస్సులొచ్చి ట్రాన్స్‌ఫార్మర్ రాక అవి ఎండకు ఎండుతూ నిలబడతాయి. ప్రమాదం జరిగినప్పుడు హై వోల్టేజీ కరెంటు ఉండే నారింజ రంగు కేబుళ్ల జోలికి పోకూడదని అగ్నిమాపక సిబ్బందికి నేర్పే శిక్షణ కూడా ఈ కూటముల ద్వారానే చాలా ఊళ్లకు చేరింది.

ఇంత చెప్పాక ఒక వైఫల్యం గురించి కూడా చెప్పాలి. అది కూటముల ఒక్కరి తప్పు కాదు, విధానం రాసినవాళ్లది కూడా. పెట్రోలుతోనూ, 85 శాతం దాకా ఇథనాల్ కలిసిన ఇంధనంతోనూ నడిచే కార్లు అమెరికా రోడ్లెక్కినవి రెండు కోట్లకు పైమాటే. అవి తయారు చేసినందుకు కార్ల కంపెనీలకు మైలేజీ నిబంధనల్లో వెసులుబాటు దొరికింది, కొన్నందుకు ప్రభుత్వ శాఖలకు చట్టం ప్రకారం మార్కులు పడ్డాయి. ఆ కార్లు మాత్రం ఎక్కువగా మామూలు పెట్రోలుతోనే తిరిగాయి. దగ్గర్లో ఇథనాల్ దొరకదు, దొరికినా గ్యాలన్‌కు వచ్చే మైళ్లు తక్కువ. కాగితం మీద ప్రత్యామ్నాయ వాహనం, ట్యాంకులో పాత ఇంధనం! చివరికి 2005లో చట్టం సవరించి, రెండు ఇంధనాల బండి కొన్న ఫెడరల్ శాఖలు కొత్త ఇంధనాన్నే వాడాలని, మినహాయింపు కావాలంటే కారణం చూపాలని పెట్టాల్సి వచ్చింది. ఎన్ని బండ్లు కొన్నారన్నది లెక్కే కాదని, ఎన్ని గ్యాలన్ల డీజిల్, పెట్రోలు నిజంగా తగ్గాయన్నదే లెక్క అని అప్పుడే తేలిపోయింది. ప్రతి కూటమీ ఈ లెక్కను ఏటా సభ్యుల వారీగా ప్రజల ముందు పెట్టాలని మేం కోరుతున్నాం.

ఇంధనాల మధ్య పక్షపాతం చూపబోమని ఈ కూటములు మొదట్నుంచీ చెప్పుకుంటున్నాయి. కొండదారుల్లో బరువులు మోసే ట్రక్కుకు, నగరంలో నాలుగు వీధులు తిరిగే వ్యానుకు ఒకే మందు పనిచేయదు కాబట్టి ఆ మాటలో న్యాయం ఉంది. ప్రొపేన్ బస్సు చాలా గ్రామీణ స్కూలు జిల్లాలకు ఈరోజే అందుబాటులో ఉన్న మెరుగైన దారి. కానీ పక్షపాతం లేకపోవడం వేరు, మంచీచెడూ చెప్పకపోవడం వేరు. రుసుము కట్టే సభ్యుల్లో ఇంధనం అమ్ముకునే కంపెనీలు ఉన్నప్పుడు ఈ తేడా చెరిగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సహజవాయువు పొగ తక్కువే, కానీ బావి నుంచి బండి దాకా ఎక్కడ లీకైనా మీథేన్ గాల్లో కలుస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్ల పైన ఉంటుంది. చెత్త దిబ్బల నుంచో, పాడి క్షేత్రాల నుంచో పట్టిన గ్యాస్ సంగతి వేరు. బ్యాటరీ బండి పొగ గొట్టం లేనిదే అయినా, దాని కరెంటు బొగ్గు నుంచి వస్తోందా, గాలి నుంచి వస్తోందా అన్నది అడగాల్సిందే.

ఈ లెక్కలు కట్టడానికి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల తయారు చేసిన గ్రీట్, ఆఫ్లీట్ అనే కంప్యూటర్ సాధనాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. ఆఫ్లీట్‌ను ఈ కూటముల కోసమే తయారు చేశారు. బండి రకం, తిరిగే మైళ్లు, ప్రాంతం చెబితే ఏ ఇంధనానికి ఎంత ఖర్చు, ఎంత కాలుష్యం అన్నది చూపిస్తుంది. కూటమి ఏ సభ్యుడికి ఏ బండి సిఫార్సు చేసినా దాంతోపాటు ఈ లెక్క కూడా చూపాలి. ఇంధన విక్రేతలకు పాలక మండలిలో ఓటు హక్కు ఎంత ఉండాలన్నది కూడా నిర్మొహమాటంగా తేల్చుకోవాలి. బండ్లు నడిపేవాళ్లదే మెజారిటీగా ఉండాలని మా మాట.

మేం ఇంత పట్టుబట్టడానికి కారణం ఆ పొగ పీల్చేవాళ్లు. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. అమెరికాలో దాదాపు 4,80,000 స్కూలు బస్సులు తిరుగుతున్నాయి, అత్యధికం డీజిల్‌వే. స్కూలు ముందు బారుగా నిలిచి ఇంజిన్ ఆపకుండా ఎదురుచూసే బస్సుల పొగ కిటికీల్లోంచి క్లాసుల్లోకి వెళుతుంది. పెద్ద ట్రక్కు ఊరికే ఆన్‌లో ఉంటే గంటకు ముప్పావు గ్యాలన్ (దాదాపు మూడు లీటర్లు) పైనే డీజిల్ తాగుతుంది. ఆపేస్తే పోయేదానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు. కూటములు చేయించే పనుల్లో అన్నిటికంటే చవకైనది ఇదే, అయినా దీనికి దక్కే ప్రచారం తక్కువ.

మార్పు ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నది కూడా అంతే ముఖ్యం. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ పోర్టులు 2008 అక్టోబరులో 1989కి ముందు నాటి ట్రక్కులను నిషేధించాయి. 2012 కల్లా 2007 నాటి కాలుష్య ప్రమాణాలకు తగ్గ ట్రక్కులనే రానిచ్చాయి. పోర్టు ట్రక్కుల పొగ బాగా తగ్గింది, చుట్టుపక్కల జనం ఊపిరి తీసుకున్నారు. కానీ అక్కడ సరుకు మోసేవాళ్లలో సొంత ట్రక్కు డ్రైవర్లు ఎక్కువ. కొత్త ట్రక్కు లీజు వాయిదాలు చాలామంది కుటుంబాల మీద పడ్డాయి. కూటమిలో ఆ డ్రైవరుకు కుర్చీ ఉందా? పెద్ద కంపెనీ కట్టే రుసుమే అతన్నీ కట్టమంటే లేనట్టే. ఒకటి రెండు బండ్లున్నవాళ్లకు సభ్యత్వం ఉచితం చేయాలి. సమావేశాలు వాళ్ల డ్యూటీ లేని వేళల్లో పెట్టాలి. గ్రాంటు దరఖాస్తు రాసిపెట్టే పని కూటమి సిబ్బంది తీసుకోవాలి, ఎందుకంటే ఆ ఫారాలు నింపే గుమాస్తా చిన్నవాళ్ల దగ్గర ఉండడు.

ప్రభుత్వ డబ్బు ఎలా వస్తుందో, ఎలా ఆగిపోతుందో ఈ మధ్య అందరూ చూశారు. 2009 ఆర్థిక ఉద్దీపన చట్టం కింద క్లీన్ సిటీస్ ద్వారా 25 ప్రాజెక్టులకు దాదాపు 30 కోట్ల డాలర్లు వచ్చాయి. 2021 మౌలిక సదుపాయాల చట్టం స్కూలు బస్సులకు 500 కోట్ల డాలర్లు, జాతీయ రహదారుల వెంట ఛార్జింగ్ స్టేషన్లకు ఇంకో 500 కోట్లు కేటాయించింది. 2025 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం రహదారి ఛార్జింగ్ ప్రణాళికల ఆమోదాన్ని నిలిపేసింది, ఆగస్టులో కొత్త మార్గదర్శకాలతో మళ్లీ తెరిచింది. కొత్త ఎలక్ట్రిక్ కారుకు ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ అదే ఏడాది సెప్టెంబరు 30తో ముగిసిపోయింది. ఒక బస్సు పన్నెండేళ్లు, పదిహేనేళ్లు తిరుగుతుంది. నాలుగేళ్లకోసారి మారే రాయితీని నమ్ముకుని అలాంటి బండి ఎవరు కొంటారు?

అందుకే ప్రాంతీయ కూటములు ఈరోజు మునుపటి కంటే ఎక్కువ అవసరం. వాషింగ్టన్‌లో గాలి మారినా పక్క ఊరి డిపోతో కలిసి పెట్టుకున్న ఆర్డరు, కరెంటు కంపెనీతో రాసుకున్న ఒప్పందం, శిక్షణ పొందిన మెకానిక్ ఎక్కడికీ పోవు. రహదారికి రాష్ట్రం సరిహద్దు తెలియదు కాబట్టి రాష్ట్రాలు కూడా ఇదే దారి పట్టాయి. 2017లో పశ్చిమాన ఎనిమిది రాష్ట్రాల గవర్నర్లు, రెండు పార్టీల వాళ్లూ కలిసి, తమ రహదారుల వెంట ఛార్జింగ్ సదుపాయాలను సమన్వయం చేసుకుందామని ఒప్పందం చేసుకున్నారు. రాజకీయంగా ఎక్కడా పొసగనివాళ్లు ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర కలవగలిగారు.

ఇక జరగాల్సింది రాష్ట్రాలు, కౌంటీల (మన జిల్లాల్లాంటివి) స్థాయిలో ఉంది. ప్రతి కూటమికీ కనీసం ముగ్గురు పూర్తికాలపు ఉద్యోగుల జీతాలకు సరిపడా నిధిని రాష్ట్ర బడ్జెట్‌లోనే, ఒక్క ఏడాదికి కాకుండా ఐదేళ్లకు కలిపి కేటాయించాలి. గ్రాంటు వస్తేనే మనిషి, పోతే మనిషీ పోయే పద్ధతిలో డిపోలకు నమ్మకం కుదరదు. స్కూలు జిల్లాలు వచ్చే వేసవిలో మార్చబోయే బస్సుల జాబితాను ఈ శీతకాలంలోనే కూటమికి ఇవ్వాలి. కరెంటు కంపెనీకి ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించడానికి, పక్క స్కూలు జిల్లాలతో కలిపి ధర మాట్లాడటానికి అంత గడువు కావాలి.