తూకం మిషను పరువు తీస్తా ఉండారు

మన తిరపతిలో ఈ మధ్య ఒక చెడ్డ అలవాటు మొదలైంది, పెద్దోళ్లు ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేనే చెప్పాల్సి వస్తా ఉంది. పిల్లోళ్లు యూఎస్బీ సామాన్ల లోపలికి తొంగి చూస్తా ఉండారు. కేబుల్ పెట్టడం, నల్ల స్క్రీను తెరవడం, నువ్వెవరు, ఏ కంపెనీ, నీ నంబరెంత అని దాన్ని నిలదీయడం. కంపెనీ వాళ్ల వస్తువు కదా అది, మనం ఊరికే డబ్బులిచ్చి కొనుక్కున్నామంతే, దానికే ఇంత చనువా?

మాది గాంధీ రోడ్డులో ఇత్తడి సామాన్ల కొట్టు. ఇత్తడంటే తూకం మీదే కదా, కంప్యూటర్‌కి తగిలించే తూకం మిషను ఒకటి ఉండాది, చెంబు పెడితే బరువు నేరుగా బిల్లులోకి పడతాది. పాత కంప్యూటర్లో విండోస్ మొరాయిస్తా ఉందని మా అక్క కొడుకు దాని బదులు లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించినాడు, మిషను మూగబోయింది. డీలర్‌కి ఫోన్ చేస్తే చాలా మర్యాదగా "లినక్స్‌కి సపోర్ట్ లేదన్నా, కొత్త మోడల్ తీసేసుకోండి" అన్నాడు. నేనూ మర్యాదస్తుణ్ణే, సరే అన్నా. పద్ధతి ప్రకారం కథ అక్కడ అయిపోవాల.

వాడు గమ్మున ఉంటే కదా. "ఉండు మామా, దాన్నే అడుగుదాం" అని నల్ల స్క్రీన్లో ఎల్ఎస్‌యూఎస్బీ అని కొట్టినాడు, తగిలించిన యూఎస్బీ సామాన్ల జాబితా చూపించే కమాండంట అది. ఒక లైను వచ్చింది, 1ఏ86 అని నాలుగు అక్షరాలు, రెండు చుక్కలు, ఇంకో నాలుగు. ముందుది కంపెనీ నంబరంట, వెనకది మోడల్ నంబరంట. కంపెనీ పేరు చూస్తే తూకం మిషను మీద బంగారు రంగులో రాసుండే పేరు కానే కాదు, లోపలి చిప్పు చేసినోళ్లది! మోడల్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఈ పేర్లన్నీ ఒక మామూలు టెక్స్టు ఫైల్లో ఉంటాయంట, జనాలే రాసి పెట్టుకున్న పద్దు, మనది అందులోకి ఎక్కలేదు.

తర్వాత మైనస్ వీ అని పెట్టి మళ్లీ అడిగినాడు. ఇక చూడండి, పోలీసులు కొట్టకముందే ఒప్పుకున్న దొంగ మాదిరి మొత్తం కక్కేసింది. 18 బైట్ల డిస్క్రిప్టర్, అంటే తన గురించి తానే చెప్పుకునే చీటీ, ఎంత కరెంటు తాగుతాది, ఏ ఎండ్‌పాయింట్లో, అంటే ఏ వాకిట్లో డేటా పోతాది, ఏ ఎండ్‌పాయింట్లో వస్తాది, అన్నీ. ఒక్క క్లాసు, అంటే నువ్వు ఏ రకం సామానువి అనే దగ్గర మాత్రం పౌరుషం చూపించింది. కీబోర్డు, మౌసు అయితే 3, ప్రింటర్ అయితే 7, పెన్‌డ్రైవ్ అయితే 8 అని చెప్పాల, ఇది 255 అనింది. 255 అంటే మా ఇంటి విషయం మీకెందుకు అని అర్థం. నాకు చానా గౌరవం కలిగింది. మావాడికి కలగలా, వాడి దగ్గరుండే ఆర్డుయినో క్లోన్ బోర్డు, అంటే పిల్లోళ్లు ప్రయోగాలు చేసే చిన్న సర్క్యూట్ బోర్డుకి నకలు, అదే కంపెనీ సీహెచ్340 చిప్పుది, అదీ 255 అనేదే, పక్కన తగిలించి రెంటి జాబితాలు వరసగా పెట్టి పోల్చినాడు. ఎండ్‌పాయింట్లు 82, 02, 81, రెంట్లోనూ అవే. తేడా ఒక్క మోడల్ నంబరు. ఆ చిప్పుతో మాట్లాడే ప్రోగ్రాము, డ్రైవరంటారే, అదేమో లినక్స్ గుండెకాయ కెర్నల్‌లో ఎప్పట్నించో కూర్చోనుండాది, దాని దగ్గరుండే లిస్టులో ఈ నంబరు లేదు కాబట్టి పలకలేదు. దర్శనం టికెట్టు ఉండి, ఆధార్ ఉండి, లిస్టులో పేరు లేదని క్యూ బయట నిలబడిన వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

వాడు డ్రైవర్‌కి కొత్త నంబర్లు చెప్పే న్యూఐడీ అనే ఫైల్లోకి ఆ రెండు నంబర్లు, కంపెనీది, మోడల్‌ది, ఎకో అనే కమాండుతో రాసినాడు. మిషను మాటలు వినేదానికి టీటీవై యూఎస్బీ0 అనే దారి పుట్టింది, 9600 స్పీడు పెట్టినాడు, బరువులు జలజలా పడినాయి. కొత్త మోడల్ ఖరీదు, రెండు నంబర్లు! డీలర్ పిల్లల చదువులేం కావాల?

అక్కడితో ఆగినాడా, గిరాకీకి రేటు చూపించే చిన్న డిస్‌ప్లే మీద పడినాడు. దీని భాష ఎవరికీ తెలీదు. అందుకని అదే కంప్యూటర్లో వర్చువల్ మిషను, అంటే కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టి అందులో విండోస్ వేసి, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆడించి, యూఎస్బీ మాటలు పట్టి చూపించే యూఎస్బీమాన్, వైర్‌షార్క్ పెట్టుకుని వాళ్లిద్దరి మాటలు చాటుగా విన్నాడు. ఏంరా చేస్తా ఉండావు అంటే "ఒకటో నంబర్ బస్సు మీద వింటా ఉండా మామా" అన్నాడు, నేను కొండ బస్సు అనుకున్యా, యూఎస్బీ దారినే బస్సంటారంట. 125 కొడితే 31 32 35 పోతా ఉంది, 126 కొడితే చివరిది ఒక్కటే 36 అయింది. ముందర చూపించమనే ఆర్డరు 1బీ 51 41, వెనక అయిపోయిందనే గుర్తు 0డీ. ఇంతేనా? ఒక్కో అక్షరానికి, అంకెకి ఒక్కో నంబరిచ్చే, 1963లో అచ్చేసిన ఆస్కీ పట్టీ! ఇంత పాత రహస్యాన్ని ఒక కంపెనీ సీడీలో కట్టి, సీల్ వేసి, కాపాడుకుంటా ఉంటే ఒక పిల్లోడు మధ్యాన్నం సంగటి తిన్యాక విప్పేసినాడు. పోనీ వీడు లినక్స్ మానేసి ఫ్రీబీఎస్డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌కి పోతేనైనా బుద్ధి వస్తాదా అంటే, అక్కడ యూఎస్బీకాన్ఫిగ్, యూఎస్బీడంప్ అనే కమాండ్లంట, అదీ ఇదే బాపతు.

కాబట్టి నా డిమాండు, వస్తువులకి ముందు అబద్ధం నేర్పించాల. అడిగినోళ్లకంతా నిజం చెప్పే మిషను వ్యాపారానికి పనికిరాదు, నలభై ఏళ్లు కొట్లో కూర్చున్నోణ్ణి, నాకు తెలీదా.

ఇది రాస్తా ఉండగానే కొట్టు ముందు ఆటో ఆగింది. గిరాకీ అనుకుని లేచినా. డీలర్. లినక్స్‌లో పలకడం లేదని కస్టమర్లు వాపసు ఇచ్చినవంట, ఏడు తూకం మిషన్లు దించినాడు. మిషన్లు గల్లాపెట్టె పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగినాడు.

"అన్నా, ఆ రెండు నంబర్లు ఏందన్నా?"