బుజ్జి రైఫిల్లో గీతలు

మా వాటాకీ పక్క వాటాకీ మధ్య ఉన్నది పేరుకే గోడ. ఆదివారం పొద్దున్న పిన్నిగారి గొంతు ఒక్కసారిగా లేచింది.

పిన్ని: ఏవండీ, ఇలా రండి. కళ్ళజోడు పెట్టుకుని మరీ రండి.

బాబాయి: ఏంటే, పేపరు చదువుతున్నా.

పిన్ని: లక్షలు పోసి మన మనవరాలు బుజ్జికి కొన్న తుపాకీ నాశనమైంది. గొట్టం లోపలంతా గీతలు.

బాబాయి: ముందిది చెప్పు. గొట్టంలో కన్ను పెట్టావా?

పిన్ని: ఖాళీయో కాదో చూసుకునే పెట్టాను. వెనక తెరిచి, తెల్ల కాగితం అడ్డం పెట్టి, కిటికీ వైపు తిప్పి... అంతా మీరు వెలగబెట్టినట్టే. ఇన్నేళ్ళ బట్టి చూస్తున్నా, ఆ మాత్రం రాదా?

బాబాయి: అవి గీతలు కాదే, గాళ్ళు. అవి ఉండాలి.

పిన్ని: స్టవ్ గ్లాసు మీద గీత పెట్టినప్పుడూ ఇలాగే, డిజైన్ అన్నారు.

బాబాయి: ఒసేయ్, ఆ గాళ్ళు పట్టుకుని తిప్పబట్టే గుండు బొంగరంలా తిరుగుతూ తిన్నగా పోతుంది. గొట్టం నున్నగా ఉంటే గుండు పల్టీలు కొడుతూ ఎటో పోతుంది.

పిన్ని: మరి మెలికలు తిరిగాయేం?

బాబాయి: మెలిక తిరిగితేనే కదా గుండు తిరిగేది!

పిన్ని: కాదు. మీ చెయ్యి వణుకుతోంది. మొన్న ట్రంకుపెట్టెలోంచి ఆ తాడు తీసి దీంట్లో లాగారు చూడండి, అప్పుడు పడ్డాయి.

బాబాయి: చెయ్యి వణికితే అన్నీ ఒకే ఎడంలో, ఒకే మెలికలో పడతాయటే?

పిన్ని: మిలిటరీ వాళ్ళు కదా. వణకడంలోనూ డిసిప్లిన్.

(ఇక్కడ నాకు కాఫీ పొలమారింది. గోడవతల ఇద్దరూ క్షణం ఆగి, మళ్ళీ అందుకున్నారు.)

బాబాయి: మిలిటరీ మాధవరంలో ఏ ఇంటికైనా వెళ్ళి అడుగు. పాత త్రీనాట్‌త్రీ రైఫిల్లో ఐదు గాళ్ళు, ఎడమకి తిరిగి ఉంటాయి. తర్వాత నేను పట్టిన ఎస్సెల్లార్ రైఫిల్లో ఆరు, కుడికి.

పిన్ని: ఎడమ చెయ్యీ, కుడి చెయ్యీ కూడానా! డాక్టరుకి చూపించుకోమంటే వినరు.

బాబాయి: అయినా నేను లాగింది పుల్‌త్రూ, గొట్టం తుడిచే తాడు, దీనికి పట్టేలా సన్నగా చేసుకున్నదే. ఒక కొసన ఇత్తడి బరువు. వెనక నుంచి గొట్టంలోకి జారవిడిచి, ముందు నుంచి ఒక్క ఊపున లాగాలి. అదీ తిన్నగా. తాడు ఓరగా వచ్చిందంటే గొట్టం మూతిని ఒరుసుకుని అక్కడ అరుగుతుంది. మూతి అరిగితే ఎంత మంచి రైఫిలైనా గురి తప్పుతుంది. అందుకే నేను తిన్నగా...

పిన్ని: అదిగో, అరుగుతుందని మీ నోటితో మీరే అన్నారు.

బాబాయి: ఓరగా లాగితే అన్నాను! తాడుకి మూడు ఉచ్చులుంటాయి. మొదటిది తీగ జాలీకి, రెండోది చిందీ గుడ్డకి. మూడోది, గుడ్డ లోపల ఇరుక్కుపోతే వెనక్కి లాగడానికి.

పిన్ని: అదృష్టవంతురాలు తుపాకీ. మీరు నాకు వేసిన మూడు ముళ్ళూ ఇరికించడానికే. వెనక్కి లాగేది ఒక్కటీ లేదు.

బాబాయి: నేను దీంట్లో తీగ జాలీ వాడలేదు. పొడి చిందీ, అదీ ఒక్కసారి.

పిన్ని: ఆ చిందీ నా పాత వాయిల్ చీర కొంగు. చూళ్ళేదనుకున్నారా?

బాబాయి: ...మెత్తగా ఉంటుందని.

పిన్ని: సరే, పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. పొయ్యండి, కొంచెమన్నా పోతాయేమో. త్రీనాట్‌త్రీలో సలసల కాగే నీళ్ళు పోసేవాళ్ళని మన పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు. అప్పుడు మీ దగ్గర వేరే కబుర్లే లేవు.

బాబాయి: పొయ్యకు! ఆగు! అది ఆ కాలం తూటా. దాని అడుగున టోపీలో ఉండే మందు పేలాక గొట్టంలో ఉప్పు మిగిలేది. ఉప్పు చెమ్మ పీల్చి తుప్పు పట్టిస్తుంది. నూనెకి ఉప్పు కరగదు, నీళ్ళకే కరుగుతుంది, అందుకని పోసేవాళ్ళం. తర్వాత ఆరబెట్టి నూనె గుడ్డ లాగేవాళ్ళం. ఇది గాలి తుపాకీ. మందే లేదు. సీసం గుళ్ళ పొడి కాస్త అంటుకుంటుంది, ఉన్ని గుళ్ళు రెండు తోస్తే పోతుంది.

పిన్ని: మందు లేదు, ఉప్పు లేదు. మరి మీరెందుకు తుడిచారు?

బాబాయి: ఊరికే... చెయ్యి ఊరుకోలేదు.

పిన్ని: వణుకుతోందని నేనూ అదే కదా అంటున్నా. పోనీ, కళాయి వేయిద్దాం. ఇత్తడి గిన్నెలకి వేసేవాడు సంతలో ఇంకా కూర్చుంటున్నాడట. లోపల నున్నగా అద్దంలా చేసిస్తాడు.

బాబాయి: రైఫిల్‌కి కళాయా! గాళ్ళు పూడిపోయాక అది గొట్టం కాదు, పొయ్యి ఊదుకునే ఊదుగొట్టం.

పిన్ని: మన గగన్ నారంగ్‌కి 2012లో లండన్‌లో కంచు పతకం వచ్చిందంటే గీతలున్న తుపాకీతోనా?

బాబాయి: గీతలుండబట్టే వచ్చిందే తల్లీ!

పిన్ని: వాళ్ళ తాత కూడా మిలిటరీయా?

(బాబాయిగారు కుర్చీలో కూలబడిన చప్పుడు.)

పిన్ని: ఇంక మీరు టెన్షన్ పడకండి. బుజ్జికి ఫోన్ చేసి చెప్పేశాను.

బాబాయి: ఏమని?

పిన్ని: గిన్నెలు తోమే పీచు పుల్లకి చుట్టి, గొట్టం లోపల నేనే తోమానని.

బాబాయి: ఓరి దేవుడా. ఎందుకే అబద్ధం?

పిన్ని: మీరంటే అది మీ మీద అరుస్తుంది. మీకసలే బీపీ. నా మీద అరిస్తే రేపణ్ణించి పులిహోర ఉండదని దానికి తెలుసు.

కాసేపు బాబాయిగారి నుంచి సమాధానం లేదు.

బాబాయి: పీచుతో తోమావంటే పిల్లకి గుండాగిపోదుటే? ఏం చేస్తోందిప్పుడు?

పిన్ని: ఆటో ఎక్కానంది. ఏడుస్తోంది కూడా.

బాబాయి: ఫోనిలా తే. హలో, బుజ్జీ! ఏం కాలేదమ్మా. పీచూ లేదు, ఏమీ లేదు. మీ అమ్మమ్మ గాళ్ళు చూసి గీతలనుకుంది. ఆ... ఆ... లేదు, తోమలేదు. సరే, నెమ్మదిగా రా.

పిన్ని: ఏమంటోంది?

బాబాయి: ఏమంటుంది, పడీ పడీ నవ్వుతోంది.

పిన్ని: చూశారా, చిన్నపిల్లయినా ఎంత పెద్ద మనసో. మీరు బాధపడతారని నవ్వేసింది. లేవండి, తుపాకీకి వద్దన్నారుగా, ఆ నీళ్ళు మీరు పోసుకోండి. గ్యాసు ఊరికే రాలేదు.