కిట్లకు డబ్బుంది, చికిత్సకు లేదు

మూత్రంలో మత్తును పట్టే పరీక్ష కిట్ పట్టీ మీద రెండో గీత పడకపోతే పాజిటివ్, అంటే మత్తు వాడినట్టు. ఆ ఒక్క గీత పడలేదని, నేరం కేసులో లోపలుండి విడుదలైన కుర్రాడిని మళ్లీ నిర్బంధ గృహానికి పంపేస్తున్నారు. దొంగతనం లేదు, కొట్లాట లేదు. మత్తు ముట్టకూడదన్న విడుదల షరతు తప్పాడు, అంతే. రికార్డులో మాత్రం ‘తిరిగి నేరబాట’ అని రాసుకుంటారు. రేపు ఆ లెక్కే చూపించి, మత్తు మరిగిన పిల్లలు మారరని తేల్చేదీ ఈ అధికారులే.

అసలు ఆ కిట్ ఏం చెబుతుందో తెలుసా? రోజూ గంజాయి తాగినవాడు పూర్తిగా మానేసినా వారాల తరబడి, కొందరిలో నెల దాటినా, మూత్రంలో ఆనవాళ్లు ఉంటాయి. అంటే మానినవాడూ దొరికిపోతాడు! థిన్నర్ పీల్చినవాడు మామూలు కిట్‌కు చిక్కడు. సింథటిక్ గంజాయి, అంటే రసాయనాలతో తయారుచేసిన నకిలీ గంజాయి, తాగినవాడూ అంతే. పిల్లలకు ఈ సంగతి తెలియడానికి ఎన్నాళ్లో పట్టదు. కిట్‌కు చిక్కని సరుకుకు, అంటే మరింత ప్రమాదకరమైన దానికి మళ్లుతారు. జలుబు మందులోని సూడోఎఫెడ్రిన్ అనే పదార్థం ఒక్కోసారి కిట్‌కు యాంఫెటమిన్ అనే ఉత్ప్రేరక మత్తుగా కనిపిస్తుంది. అందుకే లేబొరేటరీలో మాస్ స్పెక్ట్రోమెట్రీతో, అంటే పదార్థాన్ని కచ్చితంగా గుర్తించే పరీక్షతో, ఖరారు చేసుకోకుండా ఎవరి మీదా చర్య తీసుకోకూడదు.

నిఘా లేకపోతే భయం ఉండదని వాదించేవారున్నారు. పరీక్షలు ఆపమని మేమూ అనడం లేదు. చికిత్స పనిచేస్తోందో లేదో చూసుకోవాల్సిన సాధనంతో నేరాల లెక్క పెంచుకోవడమేమిటన్నదే మా ప్రశ్న.

మత్తుకూ మళ్లీ నేరానికీ లంకె ఉన్న మాట నిజమే. ఆ లంకె తెగేదెలాగో కూడా తెలుసు. అమెరికాలో ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ ప్రాంతాల్లో తీవ్ర నేరాలు చేసిన 1,354 మంది కౌమారులను ఏడేళ్లు గమనించారు. నిర్బంధం పొడిగించినందువల్ల నేరాలు తగ్గలేదు. కుటుంబాన్ని కలుపుకుని చేసిన మత్తు చికిత్స తర్వాత మాత్రం వాడకమూ తగ్గింది, నేరాలూ తగ్గాయి. చికిత్స 90 రోజులకన్నా తక్కువైతే ఫలితం అంతంతమాత్రమేనన్నది నిపుణుల మాట. ఇక్కడ జరిగేదేమిటి? పాత కేసుల పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఉపన్యాసం. బయటికొచ్చేసరికి కొత్త స్నేహాలు, కొత్త చిట్కాలు.

హెరాయిన్ లాంటి నల్లమందు రకం మత్తుల విషయంలో నిర్లక్ష్యం ప్రాణాంతకం. లోపల ఉన్నన్నాళ్లూ మత్తును శరీరం తట్టుకునే శక్తి పడిపోతుంది. బయటికి రాగానే పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. మొదటి రెండు వారాలే గండం. విడుదల తేదీ అధికారులకు ముందే తెలుసు. అదే వారానికి డాక్టర్ అపాయింట్‌మెంట్ రాయించడానికి, ఇంట్లోవాళ్ల చేతికి ఆ మత్తు మోతాదు మించితే విరుగుడుగా పనిచేసే నాలోక్సోన్ మందు ఇచ్చి వాడకం నేర్పడానికి మాత్రం మనుషుల్లేరట. మూత్రం పట్టే డబ్బా ఇచ్చి ‘రేపే పరీక్షకు రా’ అనడానికి ఉన్నారు!