కాలేజీ పేజీ మీద కొట్లాట జరగనీండి, ముందు కాగితం వెతకండి

నేనున్న పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పది రోజులుగా ఒకటే గోల. మన కాలేజీ గురించి వికీపీడియాలో మనం రాసింది ఎవడో తీసేశాడు, మళ్లీ పెడితే మళ్లీ తీసేశాడు, ఎక్కడో కూర్చున్నోడికి తిరుపతి కాలేజీ సంగతి ఏం తెలుసు, అసలు వాడెవడు అని. ఆ తీసేసిన మనిషి తరఫున ఈ వ్యాసం రాస్తున్నా. ఆయన చేసింది కరెక్టే. మన ఊరి కాలేజీలకి ఆయన చేసిన మేలు మనమెవరం చేయలేదు కూడా.

కొట్లాట ఎలా నడుస్తుందో వికీ చూసేవాళ్లకి తెలిసిందే. మొదట పాత విద్యార్థి ఒకరు ప్రేమగా రెండు పేరాలు రాస్తారు. తర్వాత కొత్త అకౌంట్ ఒకటి దిగి "అగ్రగామి సంస్థ", "నూరు శాతం ప్లేస్‌మెంట్లు" అని బ్రోషర్ మొత్తం దించేస్తుంది. ఇంకెవరో వచ్చి ఫీజుల గొడవో ర్యాగింగ్ కేసో తెచ్చి "వివాదాలు" అని హెడ్డింగ్ తగిలిస్తే అది తెల్లారేసరికి మాయం. ప్రముఖ పూర్వ విద్యార్థుల జాబితాలో వార్డు లీడర్ల పేర్లు చేరతాయి. ఒకరు రాసింది ఇంకొకరు రివర్ట్ చేసుకుంటూ, అంటే తీసేసి పాత రూపానికి తిప్పేసుకుంటూ పోతారు, ఇంగ్లీషు వికీపీడియాలో అయితే ఒకే పేజీలో 24 గంటల్లో మూడు రివర్ట్‌లు దాటితే బ్లాక్ చేసే రూలుంది. మన తెలుగు వికీపీడియాలో చిన్న వాదనలు ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీలో జరుగుతాయి, పెద్ద పంచాయితీలు అందరూ కలిసి మాట్లాడుకునే రచ్చబండ అనే పేజీకి పోతాయి. 2003లో మొదలైన తెలుగు వికీలో ఆ చోటుకి రచ్చబండ అని పేరు పెట్టినవాళ్లంటే నాకు చాలా గౌరవం, పని స్వభావం తెలిసి పెట్టిన పేరది.

దీన్ని పనిలేనోళ్ల కొట్లాట అనేవాళ్లతో నేనొప్పుకోను. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో మన ఊళ్లో ఏదైనా నెట్ సెంటర్‌కి పోయి కాసేపు కూర్చోండి. పలమనేరు నుంచో పీలేరు నుంచో పొద్దున బస్సెక్కి వచ్చిన నాన్న, పక్కన కూతురు, ప్లాస్టిక్ కవర్లో ర్యాంకు కార్డు, ఫోన్‌లో కాలేజీ పేరు కొట్టి చూస్తా ఉంటారు. కాలేజీ వెబ్‌సైట్ తనని తాను పొగుడుకుంటుంది, యూట్యూబ్‌లో ఏది డబ్బులిచ్చి చేయించుకున్న వీడియోనో ఏది కాదో ఆయనకి తెలీదు. వికీ పేజీ మాత్రం ఎవరి సొత్తూ కాదని నమ్ముతాడు, నాలుగేళ్ల ఫీజు ఆ నమ్మకం మీద కట్టేస్తాడు. ఆ నమ్మకానికి కాపలా కాస్తున్నది మన గ్రూపులో తిట్లు తింటున్న ఆ మనిషే.

కాపలా తప్పితే ఏమవుతుందో ఐఐపీఎం అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ విషయంలో దేశమంతా చూసింది. ఆ సంస్థ మీద ఇంగ్లీషు వికీపీడియాలో ఉన్న వ్యాసాన్ని ఒక ఎడిటరు, అదీ అడ్మిన్ (నిర్వాహకుడి) హోదా ఉన్న ఎడిటరు, ఏళ్ల తరబడి సంస్థకి అనుకూలంగా మలుస్తూ వచ్చాడు. చివరికి 2015 ఫిబ్రవరిలో అక్కడి మధ్యవర్తిత్వ కమిటీ విచారించి అతన్ని బహిష్కరించింది. ఈలోపు బయట ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోండి. 2013 ఫిబ్రవరిలో కోర్టు ఉత్తర్వు చూపించి ఆ సంస్థని విమర్శించే 73 వెబ్ పేజీలు బ్లాక్ చేయించారు, అందులో సాక్షాత్తూ యూనివర్సిటీల బాగోగులు చూసే యూజీసీ ఇచ్చిన నోటీసు కూడా ఉంది. 2014 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఎంబీఏ, బీబీఏ లాంటి పేర్లు వాడొద్దని ఆ సంస్థకి చెప్పింది. అప్పటికే చదివేసినోళ్లు చదివేశారు, అప్పులు చేసినోళ్లు చేసేశారు. ఒక్క వాక్యం ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఎన్ని కుటుంబాలుంటాయో లెక్కేసుకోండి.

ఎదుటివాళ్ల మాట కూడా చెప్పాలి. ముసుగు పేరుతో రాసే మనిషికి జవాబుదారీ ఏముంది, పై కేసులో తప్పు చేసింది అడ్మినే కదా, రేపు మన కాలేజీ మీద పగబట్టి రాస్తే ఎవర్ని అడగాలి అని వాళ్లంటారు. భయం న్యాయమైనదే. అయితే ఆ అడ్మిన్‌ని పట్టిచ్చింది కూడా జీతం లేని ఎడిటర్లే, ఏ రోజు ఏ వాక్యం ఎవరు తీశారో అంతా ఆ పేజీ చరిత్ర ట్యాబ్‌లో ఉంది కాబట్టి వరసబెట్టి చూపించగలిగారు. మన కాలేజీ బ్రోషర్ పోయినేడాది నుంచి ఈ ఏడాదికి ఏం మార్చుకుందో మీరు అలా చూపించగలరా?

ఇప్పుడు నా అనుభవం. మూడేళ్ల కింద నేను చదివిన కాలేజీ పేజీలో నాలుగు వాక్యాలు చేర్చా, సైన్సు బ్లాకు ఎప్పుడు కట్టారు, మొదట్లో ఎన్ని గ్రూపులుండేవి, సాయంత్రం క్లాసులు ఎందుకు మొదలెట్టారు, ఇలాంటివి. అన్నీ నిజాలు, నేను కళ్లారా చూసినవీ మా సార్లు చెప్పినవీ. గంట తిరక్కుండా ఎగిరిపోయాయి. చర్చ పేజీలో ఒకటే ముక్క: "మూలం ఉందా?" ఒళ్లు మండింది. నేనే మూలం అని రాశా. తీసేసిన ఎడిటరు ఓపిగ్గా జవాబిచ్చాడు, మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు, కానీ రేపు ఇంకొకరొచ్చి నేనే మూలం అని వేరే ఏడాది రాస్తే నేను ఎవర్ని నమ్మాలి, అచ్చయింది ఏదైనా చూపించండి, కాలేజీ మ్యాగజైన్ అయినా పొగడ్తకి పనికిరాదు గానీ తేదీకీ పేరుకీ పనికొస్తుంది అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆయన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

పొద్దున్నే కాలేజీ లైబ్రరీకి పోయా. పాత మ్యాగజైన్లు కావాలంటే అటెండరు నన్ను మెట్ల కింద గదికి తీసుకుపోయి తలుపు తీశాడు. విరిగిన బెంచీలు, రెండు సీపీయూలు, ఒక బంతుల బుట్ట. "యాడుండాయి సార్, ఆ ఇన్స్పెక్షన్ వస్తాదని గది ఖాళీ చేయమంటే అన్నీ తూకానికేసేసినాము" అన్నాడు. ఆయన తప్పేం లేదు, చెప్పిన పని చేశాడు. ముప్పై నలభై ఏళ్ల మ్యాగజైన్లు, ప్రిన్సిపాళ్ల వార్షిక నివేదికలు, వార్షికోత్సవం ఫొటోలు, అన్నీ కిలోల లెక్కన పోయాయి. ఆ ఇన్స్పెక్షన్‌లో కాలేజీకి గ్రేడు తెచ్చుకోవడానికి కాలేజీ చరిత్రని అమ్మేశారు.

ఇదీ అసలు విషయం, నా బాధంతా ఇక్కడే. ఇది జరిగింది ఏ ఊళ్లో? కొండ మీదా కిందా గుళ్ల గోడల నిండా వెయ్యికి పైగా శాసనాలున్న ఊళ్లో. పల్లవ రాణి సామవై వెండి విగ్రహం చేయించి ఇచ్చిందనీ నగలు, భూమి ఇచ్చిందనీ మనకి రాయి చెప్తోంది. కృష్ణదేవరాయలు ఏడుసార్లు కొండకొచ్చాడని ఎవరి తాతా చెప్పక్కర్లేదు, శాసనం ఉంది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటివాళ్లు ఆ గోడల ముందు నిలబడి అక్షరం అక్షరం చదివి అచ్చేయించారు కాబట్టి అవి ఈరోజు వికీలోకీ ఎక్కాయి. మూలం అంటే ఏందో ప్రపంచానికి చెప్పాల్సిన ఊరు మనది, అట్లాంటి ఊళ్లో యాభై ఏళ్ల కిందటి సైన్సు బ్లాకుకి రుజువు దొరకట్లేదు.

మదనపల్లె బీటీ (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీని చూడండి. 1919లో ఠాగూర్ అక్కడికొచ్చి జనగణమనని ఇంగ్లీషులోకి అనువదించాడని, అప్పటి ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్‌తో కూర్చుని బాణీ ఖాయం చేశారని ఎవరూ వాదించుకోరు, ఎడిట్ వార్, అంటే ఈ రివర్ట్‌ల కొట్లాట, అవసరమే రాలేదు. ఎందుకంటే ఆయన సొంత చేతిరాతతో రాసిన కాగితం ఒకటి మిగిలింది. ఆ కాగితం కూడా తూకానికి పోయుంటే ఈపాటికి అదొక పుకారయ్యేది.

మాట పక్కకు పోతోంది గానీ న్యూస్ పేపర్ల జిల్లా ఎడిషన్ల సంగతీ అంతే. కాలేజీ సమ్మె, కొత్త కోర్సు, లెక్చరర్ల బదిలీలు, ఏదైనా వచ్చేది జిల్లా పేజీల్లోనే, వాటిని దాచినోళ్లు లేరు. ఇప్పుడు జిల్లాలూ మారిపోయాయి. 1911కి ముందు తిరుపతి ఉత్తర ఆర్కాటులో ఉండేది, తర్వాత చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతే ఒక జిల్లా. 1954లో పెట్టిన ఎస్వీ యూనివర్సిటీ గురించి ఏ పాత పుస్తకం తీసినా చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. ఇంకో ఇరవై ఏళ్లకి కొత్తగా వచ్చే ఎడిటరు ఆ లింకు ఎట్లా కలుపుకోవాలి, మనం ఇప్పుడు దాచకపోతే?

మూడేళ్లు అందర్నీ అడుగుతూనే ఉన్నా. చివరికి పోయిన నెల బైరాగిపట్టెడలో ఉండే మా పాత తెలుగు మాస్టారి ఇంట్లో దొరికింది. మేడమ్ గారు ఇనప బీరువాలో పట్టుచీరల కింద నుంచి ఒక మ్యాగజైన్ తీశారు, డెబ్బైల నాటిది, అట్ట సగం లేదు, నాఫ్తలీన్ వాసన, పిన్ను తుప్పుపట్టి గ్రూపు ఫొటోలో మూడో వరస మీద గోధుమరంగు గీత పడింది. ఏడో పేజీలో ప్రిన్సిపాల్ నివేదిక. సైన్సు బ్లాకు తెరిచిన తేదీ అందులో ఉంది, నేను మూడేళ్ల కింద రాసిన దానికి ఒక ఏడాది తేడా. నేను కళ్లారా చూశా అనుకున్నదే తప్పు.

మళ్లీ నాలుగు వాక్యాలు రాశా, సంచిక పేరు, పేజీ నంబరుతో సహా. ఎడిటరు ఆ పేజీలో ఉన్న మాటలు యథాతథంగా అడిగితే చర్చ పేజీలో టైప్ చేసి పెట్టా. మూడు వాక్యాలు నిలబడ్డాయి. సాయంత్రం క్లాసులు ఎందుకు మొదలయ్యాయన్న నాలుగోది తీసేసి "ఈ కారణం నివేదికలో లేదు" అన్నాడు. ఇంకోసారి చదివి చూసుకున్నా, లేదు, అది మాస్టారు నోటితో చెప్పిన మాట. కొర్లగుంటలో మా సీనియర్ ఒకాయన దగ్గర ఆ తర్వాతి ఏడాది సంచిక ఉందంట, ఆదివారం పోతున్నా.