నాన్నకి కీటో, పిల్లాడికి కటకట

ముందుగా ఒక హెచ్చరిక. మీ ఇంట్లో మూడేళ్ళ మనిషి ఎవరైనా ఉండి, ఈ క్షణాన కూర్చుని అరటిపండు తింటూ ఉంటే కంగారు పడకండి, అరవకండి, మెల్లగా దగ్గరికెళ్ళి ఆ పండు కింద పెట్టించండి. ఎందుకంటే అది పండు కాదంట, షుగర్ బాంబంట. నేను చెప్పట్లేదండీ, ఈ మధ్యే నడుము రెండు సైజులు తగ్గించుకున్న ఒక తండ్రిగారు చెప్పారు. నడుము తగ్గినోళ్ళ మాట ఈ రోజుల్లో పిల్లల డాక్టర్ మాట కన్నా ఎక్కువ చెల్లుతుంది కాబట్టి మనం చేతులు కట్టుకుని వినాలి.

ఈ సారుని మీరందరూ ఎరుగుదురు. మీ చుట్టూ కూడా కనీసం ఒకరుంటారు, సారో మేడమో. మొదటి వారం కీటో డైట్ అని పేరు పెట్టి కార్బ్స్, అంటే అన్నం, రొట్టె, పండు, చక్కెర లాంటి పిండిపదార్థాలు మానేసి, కొవ్వు మీద బతకడం మొదలెడతారు. రెండో వారం కార్బ్స్ గురించి మాట్లాడటం మొదలెడతారు. మూడో వారానికి మనతో కూడా మాన్పించాలని చూస్తారు. ఆఫీసు వాళ్ళు లంచ్ టైంకి వేరే టేబుల్ వెతుక్కుంటారు, ఇంటావిడ "నీ తిండి నువ్వు తిను, నా జోలికి రాకు" అని ఒక్క మాటతో తేల్చేస్తుంది, ఫ్రెండ్స్ ఫోన్ ఎత్తరు. ఇక ఎటూ పారిపోలేక సారుకి పూర్తిగా దొరికిపోయేది ఎవరయ్యా అంటే, ఎత్తు కుర్చీలో బెల్టు పెట్టి కట్టేసి ఉన్న ఆ రెండడుగుల మనిషి. ఇంతకన్నా మంచి శ్రోత దొరకడు కదా, లేచి వెళ్ళలేడు.

ఆ సారు కొడుకు మూడో పుట్టినరోజుకి నన్ను పిలిచారు. వెళ్ళాను. టేబుల్ మీద కేక్ ఉంది. బాదం పిండి, గుడ్లు, క్రీమ్ చీజ్, పైన చక్కెరలాగే మెరుస్తూ చక్కెర కాని ఏదో తెల్ల పొడి. కొవ్వొత్తి వెలిగించారు, పిల్లలంతా మూగారు, పుట్టినరోజు బాబు ఊదడానికి బుగ్గలు పూరించాడు, సరిగ్గా అప్పుడు సారు చెయ్యెత్తి "ఒక్క నిమిషం" అన్నారు. బుగ్గలు అలాగే ఉండిపోయాయి. "పిల్లలూ, ఇన్సులిన్ అంటే ఏంటో ఎవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలీదు. అక్కడున్న వాళ్ళలో ఇద్దరికి ఇంకా చెప్పులు ఏ కాలికి ఏదో తెలీదు.

సారు మొదలెట్టారు. ఇన్సులిన్ అనేది కొవ్వుని తాళమేసి దాచేస్తుందంట. ఒక బుడ్డోడు "అంకుల్, దానికి కొమ్ములుంటాయా?" అన్నాడు. "కొమ్ములుండవు నాన్నా, అదొక హార్మోన్." "మరి తాళం ఎవరి దగ్గరుంది?" అని ఇంకో పాప. చాలా సీరియస్ ప్రశ్న అది, సారుకి నచ్చింది కూడా, అక్కణ్ణుంచి ఇన్సులిన్‌కి ఎదురు పనిచేసే గ్లూకగాన్ అనే హార్మోన్ లోకి వెళ్ళారు, గ్లూకగాన్ నుంచి కొవ్వు కరిగితే పుట్టే కీటోన్స్ లోకి వెళ్ళారు, ఆ కీటోన్స్ ఎంత శుభ్రంగా మండుతాయో చెప్తున్నంతసేపూ కేక్ మీద కొవ్వొత్తి కూడా శుభ్రంగా మండుతూ మైనం మొత్తం కేక్ మీదకి కారిపోయింది. మైనంలో కార్బ్స్ సున్నా కాబట్టి సారు అభ్యంతరం పెట్టలేదు. చివరికి కొవ్వొత్తి దానంతటదే ఆరిపోయింది, బాబు ఊదాల్సిన పని తప్పింది, అందరం చప్పట్లు కొట్టాం.

తర్వాత కిచెన్ స్కేల్ తెచ్చారు. ముక్క ముక్కా తూచి ఇచ్చారు. మొదటి పిల్ల నోట్లో పెట్టుకుంది, ఆలోచించింది, తీసి మళ్ళీ ప్లేట్లో ఎలా ఉన్నది అలా పెట్టేసింది. రెండోవాడు సోఫా కవర్ కింద దాచాడు. ఆ తాళం పాప మాత్రం ముక్కంతా తిని, మూతి తుడుచుకుని, చాలా మర్యాదగా "అంకుల్, కేక్ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

ఇంతలో ఎవరో పెద్దావిడ జాలిపడి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసింది. కేక్ చుట్టూ ఉన్న జనాభా మొత్తం క్షణంలో ఆవిడ చుట్టూ చేరింది. పుట్టినరోజు బాబుకీ ఒకటి దొరికింది. సారు చూసేశారు. వచ్చి, బిస్కెట్ లాక్కుని, ప్యాకెట్ వెనక లేబుల్ పైకి చదవడం మొదలెట్టారు. ఆ పిల్లాడు ఏమన్నాడో తెలుసా. "తినలేదు నాన్నా, ఊరికే పట్టుకున్నానంతే" అన్నాడు.

సరే, ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు సారు గారి సైన్స్ చూద్దాం, ఎందుకంటే సారుకి సైన్స్ అంటే ప్రాణం, పడుకునే ముందు రోజూ రీల్స్ లో చదువుతారు.

సారు చెప్పే మొదటి పాయింట్: "పాపాయిలు పుట్టగానే కీటోసిస్ లోనే ఉంటారండీ, ప్రకృతే కీటో." కీటోసిస్ అంటే ఒళ్ళు కొవ్వు కరిగించుకుని కీటోన్స్ మీద నడవడం. పుట్టిన కొత్తలో పసిపిల్లల ఒంట్లో కీటోన్స్ ఉండే మాట నిజమే. కానీ ఆ ప్రకృతే వెంటనే ఆ బిడ్డ నోటికి ఏం అందిస్తోంది? తల్లిపాలు. 100 మిల్లీలీటర్లలో దాదాపు 7 గ్రాముల లాక్టోజ్, అంటే చక్కెరే, పాలలో ఉన్న మొత్తం కేలరీల్లో ఇంచుమించు 40 శాతం దాన్నుంచే. రోజుకి ముప్పావు లీటరు పైన తాగే రెండు నెలల పాప సుమారు 55 గ్రాముల కార్బ్స్ లాగించేస్తోంది. కీటో వాళ్ళ లిమిట్ ఎంత? పెద్దమనిషికే రోజుకి 20 నుంచి 50. అంటే ఆరు కిలోలు కూడా లేని పాప, ఎనభై కిలోల సారు కోటా దాటేసి హాయిగా నిద్రపోతోంది. ఈ పాప గనక సారు గారి డైట్ గ్రూపులో చేరడానికి వస్తే కోచ్ మొహం ఎలా పెడతాడో ఊహించండి. "ఏమ్మా, రాత్రి ఎనిమిది తర్వాత ఏమైనా తింటావా?" పది గంటలకి, ఒంటిగంటకి, మూడింటికి, ఐదింటికి. "అన్నీ లిక్విడ్ కేలరీలేనా?" అన్నీ అవే. "ఎక్సర్‌సైజ్?" కాళ్ళు ఆడిస్తుంది. "డైట్ తప్పి తినే చీట్ మీల్స్ ఎన్ని?" అన్నీ చీట్ మీల్సే సార్, వాళ్ళమ్మే దగ్గరుండి తాగిస్తోంది. పాపని గ్రూపులోంచి తీసేస్తారు, క్రమశిక్షణ లేదని.

రెండో పాయింట్: "కార్బ్స్ అసలు ఒంటికి అవసరమే లేదండీ, లివర్ గ్లూకోజ్ తయారు చేసుకుంటుంది." చేసుకుంటుంది సార్, మీ లివర్ అయితే ఓవర్‌టైం చేసి మరీ చేసుకుంటుంది. కానీ ఏడాది దాటిన పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా అందరికీ రోజుకి 130 గ్రాముల కార్బోహైడ్రేట్ అని అమెరికా వాళ్ళ పోషకాహార సిఫార్సుల్లో పెట్టారంటే, ఏదో బేకరీ వాళ్ళు లంచం ఇచ్చి పెట్టించింది కాదు, మెదడు ఎంత గ్లూకోజ్ వాడుతుందో లెక్కేసి పెట్టింది. పైగా పిల్లల మెదడు మన మెదడులా పడుకుని ఉండదు. 2014లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అది ఐదేళ్ళ వయసు దగ్గర్లో ఎంత గ్లూకోజ్ తాగేస్తుందంటే, ఒంటికి రోజంతా కావాల్సిన శక్తిలో 43 శాతం దాకా దానికే పోతుందంట. ఇటు లివర్ చిన్నది, దాంట్లో దాచుకునే సరుకు తక్కువ. అందుకే ఒకటిన్నర నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో కొంతమంది రాత్రి సరిగ్గా తినకుండా పడుకుంటే పొద్దున్నకి షుగర్ పడిపోయి మగతగా, వాంతులతో లేస్తారు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్లు దానికి పెట్టిన పేరు కీటోటిక్ హైపోగ్లైసీమియా. కీటో అని పేరులో ఉంది కదా అని సంబరపడకండి సార్, అది అచీవ్‌మెంట్ కాదు, ఎమర్జెన్సీ. మొన్న ఒక మేడం గర్వంగా చెప్తోంది, "మా వాడికి పొద్దున్న ఆకలే వెయ్యదు, పదహారు గంటల ఫాస్టింగ్ వాడికి నాచురల్ గా వచ్చేసింది" అని. నాలుగేళ్ళ పిల్లాడికి ఫాస్టింగ్ ఏంటి తల్లీ. వాడికి మూడు పూటలా తిండి, మధ్యలో రెండుసార్లు చిరుతిండి కావాలి, పొట్ట పిడికెడు, పెరగాల్సింది మాత్రం నిలువెత్తు.

ఇక బ్రహ్మాస్త్రం. "కీటో మొదలెట్టిందే పిల్లల కోసం అండీ!" శభాష్, చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. అవును సార్, 1921లో మేయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్ ఈ డైట్ ప్రతిపాదించింది మూర్ఛ రోగానికే, మందులకి లొంగని ఫిట్స్ ఉన్న పిల్లలకి ఇప్పటికీ వాడతారు, చాలామందికి పనిచేస్తుంది కూడా. ఎలా వాడతారో కూడా చెప్పండి మరి. న్యూరాలజీ డాక్టర్, డైటీషియన్ దగ్గరుండి చూసుకుంటూ, రక్త పరీక్షలు చేయిస్తూ, విటమిన్లు ఖనిజాలు విడిగా ఇస్తూ, ఎత్తూ బరువూ కొలుస్తూ వాడతారు, ఎందుకంటే కిడ్నీలో రాళ్ళు రావచ్చు, ఎదుగుదల మందగించొచ్చు, కొలెస్ట్రాల్ పెరగొచ్చు. అంటే అదొక మందు. మీ పిల్లాడికి ఉన్న జబ్బేంటి? మీకు పొట్ట ఉండటం. అంతెందుకు, టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లలకి కూడా గట్టి డాక్టర్ పర్యవేక్షణ లేకుండా లో కార్బ్ వద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2023లో చెప్పింది. షుగర్ జబ్బున్న పిల్లలకే అంత జాగ్రత్త అయితే, దుక్కలా ఉన్న వీడికి ఎందుకండీ ఈ శిక్ష.

కూల్ డ్రింక్ మాన్పించారా, దండం. జ్యూస్ డబ్బాలు, చాక్లెట్లు, రంగు రంగుల సీరియల్స్ ఇంట్లోకి రానివ్వట్లేదా, రెండు దండాలు. దాంట్లో ఎవరికీ గొడవ లేదు. కానీ కూల్ డ్రింకునీ అరటిపండునీ, క్యాండీనీ పప్పునీ ఒకే సంచిలో వేసి "కార్బ్స్" అని ముడేసి బయట పారేసే తెలివి ఉంది చూశారూ, అదీ విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో కార్బ్స్ మానమని చెప్పలేదు, తృణధాన్యాలు, కూరగాయలు, పండ్లు, పప్పుల నుంచి తీసుకోమంది, రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకి రోజుకి కనీసం 250 గ్రాముల కూరలూ పండ్లూ, 15 గ్రాముల పీచు పెట్టమంది. ఆ పీచు చీజ్ ముక్కలోంచి తీయండి చూద్దాం. అది లేకే కదా మీ వాడు బాత్రూంలో అరగంట ఏడుస్తున్నది, మీరేమో దాన్ని "కీటో అడాప్టేషన్" అని స్టేటస్ పెడుతున్నది.

ఇప్పుడు ఆ బిస్కెట్ దగ్గరికి వద్దాం. "తినలేదు నాన్నా, ఊరికే పట్టుకున్నానంతే." మూడేళ్ళు వాడికి. మూడేళ్ళ పిల్లాడు తిండి పట్టుకుని దొంగలా సంజాయిషీ ఇచ్చుకుంటున్నాడు, సొంత పుట్టినరోజు నాడు, సొంత ఇంట్లో. అది ఎవరు నేర్పారు వాడికి? నాకు అక్కడ నవ్వు ఆగిపోయింది. గ్రాముల లెక్క పక్కన పెట్టండి, తిండి పెడితే రేపు వాడి బరువు సర్దుకుంటుంది. ఈ భయం మాత్రం అంత తేలిగ్గా సర్దుకోదు. అన్నం చూసి "ఇది తింటే లావైపోతానా" అని అడిగే ఐదేళ్ళ పిల్లల్ని తయారు చేసి పెడుతున్నారు మీరు. మీకు ఆదివారం చీట్ డే ఉంది, విసుగొస్తే డైట్ మానేసే స్వేచ్ఛ ఉంది, పర్సు ఉంది, కాళ్ళున్నాయి, ఎవరూ చూడకుండా వీధి చివరికెళ్ళి ఐస్‌క్రీమ్ తినొచ్చు. వాడికేముంది? మీరు పెట్టిన ప్లేటు తప్ప ఇంకో ప్లేటు లేదు. మీ అద్దంలో మీకు నచ్చని పొట్టకి వాడి ప్లేటులో కోత పెట్టే హక్కు మీకు ఎవడిచ్చాడు?

మీకు షుగర్ ఉండి డాక్టర్ తగ్గించమన్నాడా, బరువు తగ్గాలనుకున్నారా, నిక్షేపంగా తగ్గించండి, నేనే చప్పట్లు కొడతాను. రెండు వంటలు కూడా అక్కర్లేదు. కూర ఒకటే, గుడ్డు ఒకటే, పెరుగు ఒకటే. మీ ప్లేటులో కూర ఎక్కువ వేసుకోండి, వాడి ప్లేటులో పక్కనే ఇంత అన్నమో, రొట్టె ముక్కో, ఉడికించిన బంగాళదుంపో పెట్టండి, తర్వాత పండు పెట్టండి. ఎంత తినాలో వాడి పొట్ట చూసుకుంటుంది, యాప్ అక్కర్లేదు. "నువ్వెందుకు తినవు నాన్నా" అని వాడు అడుగుతాడు, కచ్చితంగా అడుగుతాడు. "నా ఒంటికి ఇలా తింటే బాగుంటుంది కన్నా, నువ్వు పెరగాలి కదా, నీకిది కావాలి" అనండి చాలు. విషం, బాంబు, చెత్త, ఇలాంటి మాటలు మీ గ్రూపులో పెట్టుకోండి, అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టి వాడి బెల్టు సరిచేయండి, ఇందాకట్నుంచి ఖాళీ స్పూనుతో కుర్చీ మీద కొడుతున్నాడు, అది మ్యూజిక్ కాదు సార్, ఆకలి.