మహారాజశ్రీ మొదటి టెస్ట్ కేసు వారికి

సాఫ్ట్‌వేరు కంప్యూటరులోకి సరిగా ఎక్కిందో లేదో అడుగడుగునా పరీక్షించే రాతపత్రమైన మహారాజశ్రీ ఇన్‌స్టలేషన్ టెస్ట్ కేసు ఒకటో నంబరు వారి దివ్యసముఖమునకు, బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక టెస్టరు నమస్కరించి రాసుకునే విన్నపం.

ఇక్కడ మేమంతా క్షేమం. తమ క్షేమం అడగవలసిన పనే లేదు. ఏ రిలీజులో చూసినా తమ ఎదుట పచ్చరంగులో ‘పాస్’ అనే ఉంటుంది.

‘సెటప్ ఫైలు తెరవవలెను, నెక్స్ట్ నొక్కవలెను, మళ్లీ నెక్స్ట్ నొక్కవలెను’ అంటూ సాగి, ‘అప్లికేషన్ సరిగా ఇన్‌స్టాల్ కావలెను’ అన్న ఆశీర్వచనంతో తమరు ముగుస్తారు. సరిగా అంటే ఏమిటో చెప్పకపోవడమే తమ దీర్ఘాయువు రహస్యం. టెస్ట్ కేసులో ఇన్‌పుట్లూ, రావలసిన ఫలితాలూ, కావలసిన యంత్రపరిసరాలూ విడమరచి రాయాలని సాఫ్ట్‌వేరు పరీక్షల పత్రాలకు సంబంధించిన ఐఈఈఈ 829 ప్రమాణం 1983లోనే చెప్పింది కానీ, తమరు అంతటి వివరాలకు దిగిరారు. ఫైళ్లు ఏ ఫోల్డరులో చేరాలో, ఇన్‌స్టాలర్ అంతా సవ్యమనే సంకేతంగా 0 తిరిగిస్తేనే పాస్ అనాలో, 3010 ఇచ్చినా అనవచ్చో తమరు సెలవివ్వరు. 3010 అంటే, పని పూర్తయింది గానీ యంత్రాన్ని రీస్టార్ట్ చేయాలని చెప్పడానికి విండోస్ ఇన్‌స్టాలర్ ఇచ్చే సంఖ్య అది. దాన్ని చూసి నా పక్క సీటులోని అమ్మాయి ఫెయిల్ అని రాసింది, నేను పాస్ అని రాశాను. ఇద్దరమూ తమరినే సాక్ష్యంగా చూపించాం, ఇద్దరి మాటా చెల్లింది.

విండోస్ 7 కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది, విండోస్ 10 కు 2025 అక్టోబరు 14న ముగిసింది. తమరు ఇంకా ‘విండోస్ 7, అడ్మిన్ ఖాతా, కొత్త యంత్రం’ దగ్గరే కొలువై ఉన్నారు. సీడీ పెట్టమనే అడుగు కూడా పదిలంగా ఉంది. (సీడీ డ్రైవు ఆఫీసులో ఎక్కడా లేదు కనుక, దానికీ పాస్ అనే రాస్తున్నాం.)

తమకు సవరణలు జరగడం లేదని ఎవరూ అనలేరు. రివిజన్ పట్టికలో తేదీ మారుతుంది, వెర్షన్ సంఖ్య పెరుగుతుంది, సమీక్షకుల పేర్లు చేరుతూ ఉంటాయి. మొన్నటి సమీక్షలో పట్టిక గీతల మందం మీద చర్చ భోజన సమయం దాటిపోయింది. ఇన్‌స్టాల్ మధ్యలో డిస్కు నిండితే ఏం జరగాలని అడిగితే మాత్రం అది స్కోపులో లేదన్నారు.

అయితే కస్టమర్లు తమరి షరతులు చదివి యంత్రాలు కొనుక్కోరు కదా. గుంటూరులో ఒకాయన తన యూజర్ పేరును తెలుగులో పెట్టుకున్నారు. మా ఇన్‌స్టాలరుకు అన్ని భాషల అక్షరాలకూ చోటిచ్చే యూనికోడ్ పద్ధతి తెలియదు కనుక, తాత్కాలిక ఫైళ్ల ఫోల్డరు దారిలోని తెలుగు అక్షరాలన్నిటినీ ప్రశ్నార్థకాలుగా మార్చేసి, అలాంటి ఫోల్డరు కోసం వెతికింది. ఫోల్డరు పేరులో ప్రశ్నార్థకాన్ని విండోస్ అసలు ఒప్పుకోనే ఒప్పుకోదు, ఇక ఆ ఫోల్డరు ఎక్కడ దొరుకుతుంది? టీములో సగం మంది తెలుగువాళ్లమే కూర్చుని పాస్ చేసిన సరుకు, తెలుగు పేరు ఎదురుపడగానే చతికిలబడింది. విచారణలో తమ పచ్చరంగు గడిని చూపించారు. తమరు నిర్దోషులుగా బయటపడ్డారు.

ఔటర్ రింగ్ రోడ్డు టెక్ పార్కులో జనరేటర్లు ఉన్నాయి కనుక, కరెంటు పోవడమంటే ఏమిటో తమకు తెలిసే అవకాశం లేదు. అందుకని తమ పక్కన చేర్చమని ఒక కొత్త కేసు రాసి పంపాను: పాత వెర్షన్ మీద కొత్తది సగం ఎక్కాక, కంప్యూటరులోనే ఉత్తుత్తి కంప్యూటరుగా నడిచే వర్చువల్ మెషీన్‌ను ఉన్నపళంగా ఆపివేయాలి, మళ్లీ ఆన్ చేసి రికవరీ నడిపాక సగం ఫైళ్లు మిగలకూడదు, పాత వెర్షన్ యథాప్రకారం తెరుచుకోవాలి, అందులోని కస్టమరు డేటా చెదరకూడదు. సమీక్షకుల వారు దాన్ని శ్రద్ధగా చదివి, ‘ఇది ఫెయిలయ్యేలా ఉంది, రిలీజు అయ్యాక చేర్చుదాం’ అని రాసి తిప్పి పంపారు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక టెస్టరు