మనోవ్యాధికి మందుంది

ఇక్కడ అమెరికాలో, గుడి కింది హాల్లో మన తెలుగు సంఘం ఏటా నిర్వహించే ఆరోగ్య శిబిరంలో నాది చీటీలు రాసే పని. రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ అంకెలు చీటీ మీద వేసి, ఎక్కువ ఉన్నచోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్క బల్ల దగ్గరున్న డాక్టరుగారి వద్దకు పంపిస్తాను. పోయిన ఏడాది డెబ్భై దాటిన ఒక పెద్దాయన వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, దానిమీద కొడుకు పని చేసే కంపెనీ కోటు. రక్తపోటు 128/80. చక్కెర కూడా బాగానే ఉంది. చీటీ చేతికిచ్చాను. ఆయన లేవలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, "రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోందమ్మా. తెల్లవారేదాకా అలా కూర్చుంటాను. అన్నం సయించడం లేదు. దీనికేమైనా అంకె ఉందా?" అని అడిగారు.

వెనక నిలబడ్డ కొడుకు, మంచి కొడుకే, తండ్రి భుజం మీద చెయ్యి వేసి, "నాన్నకు ఇక్కడ ఏమీ తోచదండీ, అంతకుమించి ఏమీ లేదు" అన్నాడు. వరుసలో ఇంకా ముప్పై మంది ఉన్నారు. "రాత్రిపూట కాఫీ మానేయండి బాబాయిగారూ, సాయంత్రం కాస్త నడవండి" అని నేనూ పంపించేశాను.

ఆయన అడిగినదానికి నిజంగానే అంకె ఉంది. డిప్రెషన్‌ను పసిగట్టడానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటుంది. 2001లో వచ్చిన దాన్ని ఇప్పుడు ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. గత రెండు వారాల్లో దిగులు, నిద్ర, ఆకలి, నీరసం, దేనిమీదా మనసు నిలవకపోవడం ఎన్ని రోజులు బాధించాయో అది అడుగుతుంది. ఒక్కో జవాబుకు 0 నుంచి 3 వరకు, మొత్తం 27. కూడితే 10 లేదా ఆపైన వచ్చినవారిని డాక్టరు చూడాలి. కాగితానికి ఖర్చు లేదు, తెలుగులోనూ దొరుకుతుంది, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. వేలికి సూది కూడా గుచ్చనక్కరలేదు. మరి ఇన్నేళ్లుగా మన శిబిరంలో ఆ కాగితం ఎందుకు లేదు?

తెలియక, అంటే నేను ఒప్పుకోను. మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు. డిప్రెషన్ అనే మాట తెలియని ఇల్లూ లేదు. కాకపోతే అది పక్కింటివాళ్లకు వచ్చినప్పుడే డిప్రెషన్. మన గడప లోపలికి వచ్చేసరికి టెన్షన్ అవుతుంది, దిష్టి అవుతుంది, "వాడు మొదటినుంచీ అంతేలే" అవుతుంది. పురుడు పోయడానికి వచ్చిన తల్లి, పసిబిడ్డను పక్కన పెట్టుకుని కూతురు వారాల తరబడి ఏడుస్తుంటే, ఎర్రనీళ్లు దిగదుడిచి ఊరుకుంటుంది. ఆ తల్లికి ప్రేమ లేకనా? కూతురి ఏడుపుకు జబ్బు పేరు పెడితే అల్లుడివైపు వాళ్లు ఏమంటారోనన్న భయం.

ఈ భయం మన భాషలోనే పెరిగింది. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు మానసిక చికిత్సాలయాలున్న పేటలు. మా తరం బడిలో వాటిని తిట్లుగా వాడింది. గుండె ఆసుపత్రి ఉన్న వీధి పేరుపెట్టి ఎవరినైనా తిట్టామా? "పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు" అని సామెత. నవ్వుకోవడానికి చెప్పుకునే ఈ మాట చాలా ఇళ్లలో వైద్య సలహాగా చలామణీ అయింది. సంబంధం కుదరగానే పిల్లవాడి మాత్రలు ఆపించిన ఇళ్లు నాకు తెలుసు. కొన్నాళ్లు పట్టరాని ఉద్రేకం, కొన్నాళ్లు దిగులు వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవారికి నిద్ర చెడటం పెద్ద ప్రమాదం. పెళ్ళింట్లో నిద్ర ఎక్కడుంటుంది? మందూ లేక, నిద్రా లేక, నెల తిరక్కుండా జబ్బు తిరగబెట్టవచ్చు. అప్పుడు ఆ నింద కోడలు కాలుపెట్టిన వేళ మీద పడుతుంది. ఆ అమ్మాయికి ఇంత అన్యాయం చేసే హక్కు ఎవరికీ లేదు.

"మనోవ్యాధికి మందు లేదు" అన్నది ఇంకో సామెత. అది పుట్టిన రోజుల్లో నిజమే. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు బైపోలార్ జబ్బులో వచ్చే ఉద్రేకానికి లిథియం పనిచేస్తుందని చూపించాడు. 1950లు ముగిసేలోపు, లేని మాటలు వినిపించే, లేని అనుమానాలు పుట్టే స్కిజోఫ్రెనియాకు క్లోర్‌ప్రోమజీన్, డిప్రెషన్‌కు ఇమిప్రమీన్ వచ్చాయి. మందులు వచ్చి డెబ్భై ఏళ్లు దగ్గర పడుతున్నా, కొన్నిటికి దాటిపోయినా, మనం ఆ సామెత దగ్గరే ఉన్నాం.

ఇక్కడికి వచ్చాక దానికి ఇంకో భయం తోడైంది: వీసా. సైకియాట్రిస్టు దగ్గరికి వెళితే గ్రీన్ కార్డు ఆగిపోతుందని ఎంతోమంది నాతో గుసగుసగా అన్నారు. డిప్రెషన్‌కు మందు వాడినంత మాత్రాన ఆగదు. మానసిక జబ్బుల విషయంలో గ్రీన్ కార్డు వైద్యపరీక్షలో చూసేది, జబ్బు వల్ల తమకు గానీ ఇతరులకు గానీ హాని చేసే ప్రవర్తన ఉందా అన్నది. సమయానికి చికిత్స అందితే అలాంటి పరిస్థితి రాకుండా చూసుకునే అవకాశమే ఎక్కువ.

ఆ పెద్దాయన సంగతి చెప్పాలి. నాలుగు నెలల తర్వాత ఆయన కోడలు ఫోను చేసింది. "మామయ్యగారు బొత్తిగా మాట్లాడటం మానేశారక్కా" అంది. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. తండ్రి మాటలు కొడుకే ఇంగ్లీషులో చెబుతున్నాడు. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని డాక్టరు అడిగింది. కొడుకు నోరు పెగల్లేదు. కాసేపాగి, "బాగానే ఉన్నావు కదా నాన్నా అని అడుగుతున్నారు" అన్నాడు. ఆయన తల ఊపారు. కోడలు అది విని, ఇంటర్‌ప్రెటర్ కావాలని గట్టిగా అడిగింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇక్కడ ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఇవ్వాలి, అది చట్టం. ఫోనులో తెలుగు మనిషి వచ్చాడు. కొడుకూ కోడలూ బయటికి వెళ్లారు. తలుపు మూసిన తర్వాత ఆయన నలభై నిమిషాలు మాట్లాడారట.

కన్నకొడుకు ఎదుట ఏ తండ్రి చెప్పగలడు ఆ మాట? మీ అమ్మనో నాన్ననో తీసుకువెళ్లినప్పుడు దయచేసి ఇంటర్‌ప్రెటర్‌ను అడగండి, మీకు ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా సరే.

వచ్చే శిబిరంలో తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది. కార్యవర్గంలో పెద్ద చర్చే జరిగింది. "ఆ బల్ల దగ్గర కూర్చుంటే నలుగురూ చూస్తారు, ఎవరూ రారు" అన్నారు. నిజమే. అందుకని వేరే బల్ల వేయడం లేదు. రక్తపోటు చీటీతో పాటు, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ కాగితం ఇస్తాం. తొమ్మిదో ప్రశ్న చావు తలపుల గురించి. అది అడిగి ఊరుకోవడం తప్పు కనుక, పక్కగదిలో మన సంఘంలోని సైకియాట్రిస్టులు ఇద్దరు హాలు మూసేదాకా ఉంటారు. కాగితం వెనక, మనసు బాగాలేనప్పుడు ఫోను చేసి సాయం అడిగే రెండు హెల్ప్‌లైన్ నంబర్లు అచ్చు వేస్తున్నాం. ఇక్కడ 988, 2022 జూలై నుంచి ఉంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఇంటర్‌ప్రెటర్‌ను అడగవచ్చు. ఇండియాలో ఉన్నవారికి టెలీమానస్ 14416, అది అదే ఏడాది అక్టోబరులో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు.

నమూనా కాగితం ఆ పెద్దాయనకు చూపించాను. ఈ విషయం పత్రికలో రాయమన్నది ఆయనే. ఊరూ పేరూ వద్దన్నది నేను. ఇప్పుడు ఐదింటిదాకా నిద్రపడుతోందట. కళ్లజోడు సర్దుకుని తొమ్మిది ప్రశ్నలూ నెమ్మదిగా చదివి, అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయని, తన వయసు వాళ్లకు ఆనవని, ఇంకొంచెం పెద్దవిగా అచ్చు వేయించమని చెప్పారు.